స్పెయిన్ సినిమా భద్రాచలం చేరాలంటే ఎన్ని నెలలు?

31 నెలలు. 2017 జనవరి 6న స్పెయిన్‌లో విడుదలైన ఒక హత్య కథ, 2019 ఆగస్టు 15న తెలుగు మాట్లాడుతూ మన థియేటర్లలో దిగడానికి పట్టిన కాలం అది. అక్కడ దాని పేరు ‘కాంత్రాతియెంపో’, తీసినవాడు ఓరియోల్ పౌలో. ఇక్కడ అదే కథ ఆధారంగా అడివి శేష్, రెజీనా నటించిన ‘ఎవరు’ వచ్చింది. మధ్యలో, 2019 మార్చిలో, హిందీలో ‘బద్లా’ అయింది. ఖమ్మంలో ‘ఎవరు’ చూసి బయటికొచ్చినవాళ్లలో చాలామంది క్లైమాక్స్ మలుపు గురించే మాట్లాడుకుని ఉంటారు. ఆ మలుపు పుట్టింది స్పెయిన్‌లో అన్న సంగతి ఎవరికి పట్టింది?

నిజానికి ‘ఎవరు’ది వేగమే. పౌలోదే మరో సినిమా ‘ఎల్ కుయెర్పో’ 2012 డిసెంబరులో వస్తే దాని హిందీ రూపం ‘ది బాడీ’ 2019 డిసెంబరులో వచ్చింది. ఏడేళ్లు. అతనిదే 2018 నవంబరు నాటి ‘దురాంతె లా తొర్మెంతా’ 2022 ఆగస్టులో అనురాగ్ కశ్యప్ చేతిలో ‘దొబారా’ అయింది. మూడేళ్ల తొమ్మిది నెలలు. గియెం మొరాలెస్ 2010లో తీసిన ‘లోస్ ఓహోస్ దె హూలియా’ తాప్సీ ‘బ్లర్’గా మారేసరికి 2022 డిసెంబరు వచ్చింది. పన్నెండేళ్లు దాటాయి. మేధో వైకల్యమున్న ఆటగాళ్ల బాస్కెట్‌బాల్ జట్టు కథ ‘కాంపియోనెస్’ 2018 ఏప్రిల్‌లో వచ్చింది. అదే 2025 జూన్‌లో ఆమిర్ ఖాన్ ‘సితారే జమీన్ పర్’గా, తెలుగు డబ్బింగుతో సహా వచ్చింది. ఏడేళ్ల రెండు నెలలు. ఈ ఐదింటి సగటు తీస్తే 78 నెలలు. అంటే ఆరున్నరేళ్లు.

ఐదింట నాలుగు హత్యలు, అనుమానాలు, సస్పెన్సు. ‘మనీ హైస్ట్’ను కూడా కలుపుకుంటే, ఆ స్పానిష్ బ్యాంకు దోపిడీ సిరీస్‌కు నెట్‌ఫ్లిక్స్ 2021లో తెలుగు డబ్బింగ్ పెట్టింది. ఎర్ర జంప్‌సూటు, డాలీ ముఖం మాస్కు అప్పటికే ఇక్కడి కుర్రాళ్ల వాట్సాప్ స్టేటస్‌లకు ఎక్కాయి. కాబట్టి రాబోయే ఏడాది చూడాల్సిన స్పానిష్ థ్రిల్లర్ల జాబితా ఇక్కడ ఇవ్వడం లేదు. వాటికోసం ఎవరూ కష్టపడక్కర్లేదు. బాగుంటే అవే ఏదో ఒక తెలుగు పేరు పెట్టుకుని వస్తాయి, కాస్త ఆలస్యమైనా.

రానివే వేరే ఉన్నాయి. ఖమ్మం నుంచి భద్రాచలానికి రోడ్డు మీద సుమారు 120 కిలోమీటర్లు. ఆ దారిలో, ఆ దారి దాటాక కనిపించే బతుకును అచ్చుగుద్దినట్టు చూపించే స్పెయిన్ సినిమాలు అవి. పొలం ఎవరిది, కాగితం ఏది, అడవిలో ఏ చెట్టు నాటాలి, ఊరికి బస్సు ఎందుకు రాదు అని అడిగే సినిమాలు. వాటిని రీమేక్ చేయడానికి ఎవరూ హక్కులు కొనరు.

మన సినిమా భద్రాచలం రాలేదా అంటే, వచ్చింది. పడవెక్కి వచ్చింది. 1973లో బాపు ‘అందాల రాముడు’, 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ రెండూ రాజమండ్రి నుంచి భద్రాద్రికి సాగిన ప్రయాణాలే. అదే 2006లో నేలకొండపల్లి గోపన్న కథతో ‘శ్రీరామదాసు’ వచ్చింది. లాంచీ రేవుకు తగలగానే కథ దర్శనం దగ్గర ముగుస్తుంది. రేవు అవతల దుమ్ముగూడెం, చర్ల ఉన్నాయి; శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం ఉంది; 2014లో ఒక్క చట్టంతో పోలవరం ముంపు పేరిట ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిపోయిన ఏడు మండలాలున్నాయి. కెమెరా అటు తిరగడం అరుదు.

ఇంకో అంకె చూడండి. 2011 జనాభా లెక్కల్లో, అటువైపు ఊళ్లలో వినిపించే కోయను మాతృభాషగా రాయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 4,07,423 మంది. స్పెయిన్ ఉత్తరాన, ఫ్రాన్స్ సరిహద్దుకు ఇటూ అటూ మాట్లాడే బాస్క్ భాష వచ్చినవాళ్లు సుమారు ఏడున్నర లక్షలు. కోయకు రెట్టింపు కూడా కాదు. ఆ బాస్క్‌లో తీసిన ‘లొరేయాక్’ 2015లో స్పెయిన్ తరఫున ఆస్కార్ పోటీకి వెళ్లింది. ఆ భాషకు అది మొదటిసారి. మరో బాస్క్ సినిమా ‘ఆందియా’ స్పెయిన్ జాతీయ పురస్కారాలైన గోయాల్లో 2018లో ఏకంగా పది గెలిచింది. స్పెయిన్‌లోనే మరో భాష కాతలాన్‌లో తీసిన ‘పా నెగ్రె’ 2011లో ఉత్తమ చిత్రంగా గోయా అందుకుంది. తెలుగు రాష్ట్రాలు రెండూ కలిపితే 2011 లెక్కల్లోనే ఎనిమిదిన్నర కోట్లకు దగ్గర; స్పెయిన్ జనాభా అయిదు కోట్లకు లోపే. జనం తక్కువైనంత మాత్రాన సినిమా తీయలేమన్న వాదన ఈ లెక్క ముందు నిలవదు. డబ్బు ఎవరు పెట్టారన్నది అసలు ప్రశ్న. అక్కడ ప్రాంతీయ ప్రభుత్వాలు, వాటి టీవీ చానళ్లు పెట్టాయి.

ఇప్పుడు 2026 జాబితాకు వద్దాం. ప్రపంచమంతా మొదట చెప్పే పేరు పెద్రో అల్మొదోవార్. ‘అమార్గా నవిదాద్’, అంటే చేదు క్రిస్మస్, ఆయన 24వ పూర్తి నిడివి సినిమా. స్పెయిన్‌లో విడుదల తేదీగా 2026 మార్చి 20 ప్రకటించారు. బార్బరా లెన్నీ, లెయొనార్దో స్బరాల్యా నటీనటులు. దీనికి ముందరి సినిమా, ఇంగ్లిష్‌లో తీసిన ‘ది రూమ్ నెక్స్ట్ డోర్’, 2024లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ గెలిచింది. ఆయన ఎప్పటిలాగే ఎర్ర గోడల మధ్య నగర మధ్యతరగతి దుఃఖాన్ని అందంగా తీస్తాడు. చూడొచ్చు. కానీ ఈ వ్యాసం ఆయన కోసం కాదు.

‘లా బోలా నేగ్రా’ కూడా పెద్ద అంచనాలున్నదే. 1936లో అంతర్యుద్ధం మొదలైన కొత్తల్లోనే కాల్చి చంపిన కవి ఫెదెరీకో గార్సియా లోర్కా కొన్ని పేజీలు మాత్రమే రాసి వదిలేసిన రచన దీనికి బీజం. 1932, 1937, 2017 అనే మూడు కాలాల్లో నడుస్తుంది. లోస్ హావిస్ అని అందరూ పిలిచే హవియెర్ కాల్వో, హవియెర్ అంబ్రోసి తీశారు. పెనెలోపె క్రూజ్, గ్లెన్ క్లోజ్ ఉన్నారు.

మూడోది రొద్రీగో సొరొగోయెన్ ‘ఎల్ సెర్ కెరీదో’. హవియెర్ బర్దెం ఇందులో ఒక సినిమా దర్శకుడు. దూరమైన కూతురు నటి. ఆమెను పెట్టి సినిమా తీయడానికి వస్తాడు. కూతురిగా విక్తోరియా లుయెంగో. కథ వింటే మనకేం సంబంధం అనిపిస్తుంది. నా పద్ధతి మాత్రం రాబోయే సినిమా ట్రైలర్ కన్నా ముందు, ఆ దర్శకుడి పాత సినిమా చూడటం. సొరొగోయెన్ విషయంలో ఆ పాత సినిమా 2022 నాటి ‘ఆస్ బెస్తాస్’. 137 నిమిషాలు. స్పెయిన్‌లోని గాలీసియా కొండల్లో ఖాళీ అయిపోతున్న ఒక పల్లె. గాలిమరల కంపెనీ వచ్చి భూములకు డబ్బిస్తానంటుంది. తరతరాలుగా పశువుల పేడలో బతికిన అన్నదమ్ములకు ఆ డబ్బు జీవితంలో ఒకే ఒక్క అవకాశం. పట్నం వదిలి వచ్చి సేంద్రియ సేద్యం చేసుకుంటున్న ఫ్రెంచి జంట మాత్రం సంతకం పెట్టదు. ఇక్కడే సినిమా గొప్పతనం: ప్రకృతి ప్రేమికులను మంచివాళ్లుగా, డబ్బు కోరినవాళ్లను చెడ్డవాళ్లుగా వదిలేయదు. సారా సీసా ముందు కూర్చుని ఆ పెద్దన్న, నువ్వొచ్చి రెండేళ్లయింది, నేను పుట్టిందే ఇక్కడ అన్న అర్థంలో మాట్లాడుతుంటే, ఏజెన్సీలో భూమి గొడవ విన్న ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. ఎవరు స్థానికుడు, ఎవరు వలసొచ్చినవాడు, ఎవరి మాట చెల్లాలి? 17 గోయా నామినేషన్లు, 9 గెలుపులు. ఆ మనిషి తీసిన కొత్త సినిమా కాబట్టే ‘ఎల్ సెర్ కెరీదో’ నా జాబితాలో ముందుంది.

అదే ఏడాది గోయాల్లో 11 నామినేషన్లు దక్కించుకుని ఒక్కటీ గెలవని సినిమా ఇంకొకటుంది. కార్లా సిమోన్ తీసిన ‘అల్కరాస్’. అంతకుముందే, 2022 ఫిబ్రవరిలో, బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ గెలిచి వచ్చింది. కాతలాన్ సినిమాకు ఆ బహుమతి అదే మొదలు. నటులు దాదాపు అందరూ ఆ ప్రాంతపు మామూలు మనుషులే, ఎన్నడూ కెమెరా ముందుకు రానివాళ్లు. సొలే కుటుంబం మూడు తరాలుగా ఒకే తోటలో పీచ్ పండ్లు పండిస్తోంది. భూమి వాళ్లదేనని కాగితం లేదు. అంతర్యుద్ధ కాలంలో ఆ కుటుంబం ఆసాములను దాచి కాపాడింది. కృతజ్ఞతగా ఆనాటి ఆసామి నోటిమాటగా ఇచ్చాడు. మనవడొచ్చాడు, కాగితం చూపించమన్నాడు, చెట్లు పీకి సోలార్ పలకలు పెడతానన్నాడు. తాత గూట్లో వెతుకుతాడు. దొరకదు. ఉండి ఉంటే కదా దొరకడానికి.

ఈ కథను మన అంకెల్లో చదవండి. అటవీ హక్కుల చట్టం వచ్చింది 2006లో. గిరిజనుడు పోడు చేసుకుంటున్న భూమికి హక్కు అడగాలంటే 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి అతని సాగులో ఉండాలి; ఎంతున్నా గరిష్ఠం నాలుగు హెక్టార్లు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన పోడు పట్టాలు సుమారు 1.51 లక్షల మందికి, 4.06 లక్షల ఎకరాలకు. జిల్లాలన్నింటిలో ఎక్కువ వచ్చింది భద్రాద్రి కొత్తగూడేనికే, దాదాపు లక్షన్నర ఎకరాలు. అంటే రాష్ట్రం మొత్తంలో మూడో వంతుకు మించి. అంత పెద్ద అంకె వెనక అంత కాలం కాగితం లేకుండా దున్నిన కుటుంబాలున్నాయి. సల్వాజుడుం హింసకు బెదిరి 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ నుంచి అడవి దాటి వచ్చిన గుత్తికోయల్ని ఆ డిసెంబరు 13 అనే తేదీ ఎటువైపు నిలబెట్టిందో చెప్పనక్కర్లేదు. ‘అల్కరాస్’లో తాత వెతికే కాగితం విలువ సినిమా విమర్శకుల కంటే అశ్వాపురం, మణుగూరు వైపు రైతుకే బాగా తెలుసు.

సిమోన్ కొత్త సినిమా ‘రొమెరీయా’లోనూ కథ నడిపించేది కాగితమే. 2025లో కాన్ చలనచిత్రోత్సవ పోటీ విభాగంలో ఉంది. తల్లిదండ్రుల్ని ఎయిడ్స్‌తో పోగొట్టుకున్న పద్దెనిమిదేళ్ల అమ్మాయి, స్కాలర్‌షిప్ దరఖాస్తుకు కావలసిన ధ్రువీకరణ కోసం, ఎన్నడూ చూడని తండ్రి తరఫు బంధువుల ఊరు వీగోకు వెళ్తుంది. తాత, నాయనమ్మ ఆమెను తమ మనవరాలిగా కాగితం మీద ఒప్పుకోవాలి. కుల ధ్రువీకరణ పత్రం కోసం మండలాఫీసు చుట్టూ తిరిగిన ఇంటర్ విద్యార్థికి ఈ కథలో ఏ సన్నివేశానికీ వివరణ అక్కర్లేదు.

ఇక చెట్ల సంగతి. ఓలివెర్ లాషె 2019లో గాలీసియన్ భాషలో తీసిన ‘ఓ కె ఆర్దె’ 85 నిమిషాల సినిమా. మొదటి షాట్లలో రాత్రిపూట యంత్రాలు జామాయిల్ చెట్లను వరసగా పడగొడుతూ వస్తాయి. ఓ ముసలి మాను ఎదురుపడగానే ఆగిపోతాయి. గాలీసియా కొండలు కాగితం గుజ్జు కోసం నాటిన జామాయిల్‌తో నిండిపోయాయి. వేసవి వస్తే మంటలు. అడవికి నిప్పుపెట్టాడని జైలుకెళ్లి వచ్చిన అమదోర్, అతని తల్లి, మూడు ఆవులు, వాన. కథ ఇంతే. తల్లి పాత్ర వేసిన బెనెదిక్తా సాంచెజ్‌కు 84 ఏళ్ల వయసులో కొత్త నటి విభాగంలో గోయా వచ్చింది. కొడుకు జామాయిల్‌ను తిడుతూ అది నేలను చంపేస్తుందని అంటాడు. అది బాధ పడుతోంది కాబట్టే బాధ పెడుతోందన్నట్టు తల్లి జవాబిస్తుంది. సత్తుపల్లి నుంచి సారపాక దాకా రోడ్డుకు ఇరువైపులా జామాయిల్ తోటలు చూస్తూ పెరిగినవాళ్లకు ఈ తల్లీకొడుకుల మాటలు ఇంట్లో వాదనలాగే వినిపిస్తాయి. సారపాక పేపర్ మిల్లుకు కర్ర వేసి అప్పు తీర్చుకున్న రైతూ ఉన్నాడు, పక్క పొలంలో బోరు ఎండిందని తిట్టుకునే రైతూ ఉన్నాడు. సినిమా ఎవరి పక్షమూ వహించదు. మంట వచ్చినప్పుడు నిజమైన అగ్నిమాపక సిబ్బందితో, నిజమైన మంటల్లో తీశారు. అది తెరమీద చూడాల్సిందే.

ఆ లాషెనే ఇప్పుడు ‘సిరాత్’తో ప్రపంచం నోట పడ్డాడు. 2025 కాన్‌లో జ్యూరీ ప్రైజ్ పంచుకుంది. తర్వాత ఆస్కార్‌లలో రెండు నామినేషన్లు, ఒకటి విదేశీ చిత్రానికి, ఒకటి శబ్దానికి. మొరాకో ఎడారిలో రాత్రంతా సాగే సంగీతపు జాతర్లలో తప్పిపోయిన కూతురి కోసం చిన్న కొడుకును వెంటబెట్టుకుని ఒక తండ్రి తిరుగుతాడు. ఫోన్‌లో ఇయర్‌ఫోన్ లేకుండా చూస్తే సగం సినిమా చూసినట్టే. శబ్దానికి నామినేషన్ ఊరికే రాలేదు. ఇంకొక హెచ్చరిక కూడా: మధ్యలో ఒక దెబ్బ ఉంటుంది, దాన్ని ముందుగా చెప్పేవాళ్లను దగ్గరికి రానివ్వకండి.

‘లోస్ దొమింగోస్’ గురించి రెండు ముక్కలు. అలౌదా రుయీజ్ దె అసూవా తీసిన ఈ సినిమా 2025 సెప్టెంబరులో సాన్ సెబాస్టియన్‌లో గోల్డెన్ షెల్ గెలిచింది. పదిహేడేళ్ల పిల్ల, చదువులో చురుకు, మఠంలో సన్యాసినిగా చేరతానంటుంది. ఇంట్లో కలకలం రేగుతుంది. ఇంట్లో ఒకరికి అంత గట్టి నమ్మకం పుడితే ఏమవుతుందన్న కథ, శ్రీరామనవమికి రెండు రాష్ట్రాల నుంచీ జనం వచ్చిపడే ఊళ్లో భలే చర్చకు వస్తుంది.

గత ఏడాది పట్టికలోంచి తప్పించకూడని పేరు ‘ఎల్ 47’. మార్సెల్ బర్రేనా తీసిన ఇది 2025 గోయాల్లో ‘లా ఇన్ఫిల్త్రాదా’తో కలిసి ఉత్తమ చిత్రం పంచుకుంది, గోయాల చరిత్రలో ఉత్తమ చిత్రం బహుమతి రెండు సినిమాలకు దక్కడం అదే మొదలు. కథ నిజంగా జరిగింది. బార్సెలోనా అంచున కొండ మీద తొర్రె బరో అనే పేట. ఊళ్లలో పనిలేక వలసొచ్చినవాళ్లు రాత్రికి రాత్రే గోడలు లేపి, తెల్లారేలోగా పైకప్పు వేసి కట్టుకున్న ఇళ్లు. కప్పు పడితే పోలీసులు కూల్చలేరు. పేట పెరిగింది, బస్సు మాత్రం రాలేదు. ఆ ఎత్తు మీదికి, ఆ మలుపుల్లో బస్సు ఎక్కదని అధికారుల మాట. 47వ నంబరు బస్సు డ్రైవర్ మనువెల్ విటాల్ ఆ పేటవాడే. 1978 మే 7న తాను నడిపే బస్సునే దారి మళ్లించి కొండెక్కించాడు. ఎక్కింది. ఎదూయార్ద్ ఫెర్నాందెజ్ ఆ పాత్రలో ఎక్కడా హీరోలా కనపడడు. డ్యూటీ దిగి ఇంటికొచ్చిన ఆర్టీసీ మనిషిలా ఉంటాడు. రోడ్డు సరిగా లేదు కాబట్టి బస్సు రాదు, బస్సు రాదు కాబట్టి రోడ్డు వేయరు అనే లెక్క ఏజెన్సీలో ఎవరికీ కొత్త కాదు. ఈ జాబితాలో తెలుగులో డబ్బింగ్ చేయదగ్గది ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

చూసే దారి గురించి. ఖమ్మం మల్టీప్లెక్సులకు ఇవి వస్తాయని ఎదురుచూడటం వృథా. స్పెయిన్ సినిమా క్యాలెండర్ తెలిస్తే మాత్రం ఏది ఎప్పుడు అందుబాటులోకి వస్తుందో ఊహించవచ్చు. జనవరిలో గోయా నామినేషన్లు, ఫిబ్రవరిలో గోయాలు. మార్చిలో మాలగా ఉత్సవం, చిన్న సినిమాల మొదటి పరీక్ష. బధిర తల్లి కథ ‘సోర్దా’ 2025లో అక్కడే ఉత్తమ స్పానిష్ చిత్రంగా గెలిచింది. మేలో కాన్. సెప్టెంబరులో సాన్ సెబాస్టియన్. ఆ చుట్టుపక్కలే స్పెయిన్ అకాడమీ మూడు పేర్లు ప్రకటించి, అందులోంచి ఒకదాన్ని ఆస్కార్‌కు పంపుతుంది. 2025లో ‘రొమెరీయా’, ‘సిరాత్’, ‘సోర్దా’ నిలిచాయి, ‘సిరాత్’ వెళ్లింది. ఆ మూడు పేర్లు రాసిపెట్టుకుంటే ఏడాదికి సరిపోతుంది. నవంబరులో గోవాలో అంతర్జాతీయ చలనచిత్రోత్సవం. 2022లో అక్కడే కార్లోస్ సౌరాకు సత్యజిత్ రే పేరిట జీవితకాల పురస్కారం ఇచ్చారు, 2025లో స్పెయిన్ భాగస్వామ్య దేశం. పైగా 2026ను భారత్, స్పెయిన్ ప్రభుత్వాలు సంస్కృతి, పర్యాటకం, కృత్రిమ మేధల ఉమ్మడి సంవత్సరంగా ప్రకటించుకున్నాయి. ఢిల్లీలో స్పానిష్ సాంస్కృతిక కేంద్రం ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ ఉంది. ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో ఏ డిగ్రీ కాలేజీ ఫిల్మ్ క్లబ్బయినా ఒక ఉత్తరం రాయడానికి ఇంతకంటే మంచి ఏడాది దొరకదు.

మిగిలినవారికి ఓటీటీలే. ఏ సినిమా ఏ యాప్‌లో ఉందన్నది నెలనెలా మారుతుంటుంది, దాన్ని అచ్చులో చెప్పడం అనవసరం. తెలుగు సబ్‌టైటిళ్లు దొరకడం అరుదు, ఇంగ్లిష్‌వే చదవాలి; ‘ఓ కె ఆర్దె’లో మాటలే తక్కువ కాబట్టి అలవాటు లేనివాళ్లు దానితో మొదలుపెట్టొచ్చు. ‘ఓ కె ఆర్దె’ 85 నిమిషాలు, ‘ఎల్ 47’ 110, ‘అల్కరాస్’ 120, ‘ఆస్ బెస్తాస్’ 137. మొత్తం 452 నిమిషాలు, ఏడున్నర గంటలు. మామూలు క్వాలిటీలో గంటకు 0.7 జీబీ దాకా అవుతుందని నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క పట్టుకుంటే నాలుగూ కలిపి సుమారు 5.3 జీబీ. చర్ల దాటి వెళ్లేవాళ్లు భద్రాచలంలో ఉండగానే డౌన్‌లోడ్ చేసుకోవడం మేలు.